రాజీ కోపానికి ఐఎస్‌ఐ అవసరమా? ‘ఫ్యామిలీ మ్యాన్’ రెండో సీజన్ వివాదం వెనక చరిత్ర

వెబ్ సిరీస్ ‘ద ఫ్యామిలీ మ్యాన్’ రెండో సీజన్ ట్రైలర్ 2021 మే 19న వచ్చింది. ముందు రోజు మే 18. 2009లో శ్రీలంకలోని ముల్లివైక్కాల్‌లో అంతర్యుద్ధం ముగిసిన ఆ తేదీన ఈళం (శ్రీలంక) తమిళులు పోయినవాళ్లకు దీపాలు పెడతారు. మరో రెండు రోజులకు మే 21, శ్రీపెరుంబుదూర్‌లో రాజీవ్ గాంధీ హత్య జరిగిన రోజు. సరిగ్గా ఈ రెండింటి నడుమ, పోరాట దుస్తుల్లో తమిళ తిరుగుబాటుదారు రాజీగా సమంత కనిపించింది. ఇది ఈళం తమిళులను చెడుగా చూపుతోందని, ఆపమని మే 24న అప్పటి తమిళనాడు ఐటీ మంత్రి మనో తంగరాజ్ అప్పటి కేంద్ర మంత్రి ప్రకాశ్ జావడేకర్‌కు లేఖ రాశారు. సిరీస్ సృష్టికర్తలు రాజ్, డీకే తెలుగువాళ్లు కావడంతో మనకూ ఇది పరాయి గొడవ కాదు.

లేఖ కేంద్రానికే ఎందుకంటే, ఓటీటీకి సెన్సార్ బోర్డు లేదు. 2021 ఫిబ్రవరి 25న వచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం వయసు వర్గీకరణ సంస్థే చేసుకుంటుంది, ఫిర్యాదుకు 15 రోజుల్లో జవాబివ్వాలి. ఆపే అధికారం కేంద్రానిదే. జూన్ 4న సిరీస్ విడుదలైంది.

కథలో ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడిన ఎల్‌టీటీఈ (తమిళ పులులు) పేరు లేదు. అయినా పోలిక ఎవరితోనో తెలిసిపోతుంది. అసలు నొప్పి, రాజీ దళాన్ని పాకిస్థాన్ నిఘా సంస్థ ఐఎస్‌ఐతో కలపడం దగ్గర ఉంది. చరిత్ర దీనికి పూర్తిగా అడ్డం తిరుగుతుంది. శ్రీలంకలో 1956లో సింహళాన్ని ఏకైక అధికార భాష చేశారు. 1970ల్లో విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో మార్కుల సర్దుబాటు తమిళ విద్యార్థులను వెనక్కి నెట్టింది. 1981లో జాఫ్నా గ్రంథాలయం 97 వేల దాకా పుస్తకాలతో కాలిపోయింది. 1983 జులై మారణకాండ తర్వాత తమిళ యువకులకు ఆయుధ శిక్షణ ఇచ్చింది పాకిస్థాన్ కాదు, భారత నిఘా సంస్థ ‘రా’. పాకిస్థాన్ నిలబడింది కొలంబో పక్షాన: 2000లో జాఫ్నా చేజారే స్థితి వస్తే శ్రీలంక సైన్యానికి రాకెట్ లాంచర్లు పంపింది. 2006 ఆగస్టులో కొలంబోలో పాక్ హైకమిషనర్ వాహనశ్రేణిపై బాంబు దాడి జరిగితే అనుమానం పులుల మీదికే వెళ్లింది.

అయితే భారత్ మీద పులుల పగ కల్పన కాదు. 1987 జులై 29 భారత్-శ్రీలంక ఒప్పందంతో వెళ్లిన భారత శాంతి సేన అక్టోబరుకల్లా వాళ్లతోనే యుద్ధానికి దిగింది. 1990 మార్చిలో వెనక్కి వచ్చేసరికి దాదాపు 1,200 మంది జవాన్లు పోయారు. తమిళ పౌరుల మరణాలు, సైనికుల మీద అత్యాచార ఆరోపణలు అక్కడ మిగిలాయి.

సైనికుల చేతిలో రాజీ అనుభవించిన హింసను సిరీస్ సానుభూతితోనే చూపింది, సమంత దాన్ని నిలబెట్టింది. పులుల మహిళా విభాగంలో తొలి అమరురాలిగా చెప్పుకునే మాలతి 1987 అక్టోబరు 10న చనిపోయింది భారత సేనతో పోరాడుతూనే. రాజీ లాంటి మనిషి ఢిల్లీ మీద కత్తి కట్టడానికి ఈ గతం చాలు.