ఆన్‌లైన్ కోర్సు మొదలుపెట్టే టీచర్లకు: అపోహలు - వాస్తవాలు

"వీడియోలన్నీ రికార్డ్ చేసేశానండీ, ఇక కోర్సు రెడీ అయిపోయినట్టే కదా?" తొలిసారి ఆన్‌లైన్‌లో పాఠం చెప్పబోయే టీచర్లు నన్ను ఎక్కువగా అడిగే మాట ఇది. కాలేదని చెప్పడం నాకూ బాధగానే ఉంటుంది, ఎందుకంటే అప్పటికే వాళ్లు నెలల తరబడి కష్టపడి ఉంటారు. నేను ఆన్‌లైన్‌లో స్ప్రెడ్‌షీట్లు నేర్పుతాను. తోటి టీచర్లు కోర్సు తయారు చేసుకుంటుంటే పక్కన కూర్చుని సాయం చేస్తాను. అక్కడ పదేపదే విన్న మాటలు, వాటికి నా జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ముందు వీడియోలు తీసుకుంటే, అసైన్‌మెంట్లు తర్వాత చూసుకోవచ్చు.

వాస్తవం: అన్నిటికంటే ముందు రాసుకోవాల్సింది చివరి అసైన్‌మెంటే. కోర్సు అయిపోయిన రోజున నేర్చుకున్న మనిషి సొంతంగా ఏం చేయగలగాలి? అది చేయగలుగుతున్నారని మనకెలా తెలుస్తుంది? ఈ రెండూ తేలాకే ఏం పాఠాలు కావాలన్నది ఆలోచించాలి. దీన్ని బ్యాక్‌వర్డ్ డిజైన్ అంటారు. గ్రాంట్ విగ్గిన్స్, జే మెక్‌టై 1998లో ఈ పద్ధతిని వివరంగా రాశారు.

నా కోర్సునే చూడండి. చివర్లో 200 వరసల అమ్మకాల షీట్ ఒకటి ఇస్తాను. అందులో కొన్ని తేదీలు రోజు ముందు, కొన్ని నెల ముందు వచ్చేలా ఉంటాయి. పేర్ల చివర కంటికి కనపడని ఖాళీలు ఉంటాయి. కొన్ని అంకెలు టెక్స్ట్‌గా పడి ఉంటాయి, కూడితే మొత్తంలోకి రావు. దీన్ని శుభ్రం చేసి నెలవారీ రిపోర్టు తీయాలి, ఏ తప్పును ఎలా సరిచేశారో నాలుగు వాక్యాల్లో రాయాలి. ఈ పనిని ముందు పెట్టుకుని వెనక్కి వస్తే ఏ పాఠాలు కావాలో వాటంతట అవే బయటపడ్డాయి: అదనపు ఖాళీలు తీసేసే ట్రిమ్ ఫంక్షన్, తేదీల మార్పిడి, డూప్లికేట్లు పట్టుకోవడం, వరసలన్నిటినీ గుంపులుగా కూడి చూపే పివట్ టేబుల్. చార్టుల అలంకరణ మీద ఎంతో ఇష్టంగా రాసుకున్న పాఠం ఒకటుండేది. చివరి పనికి అది అక్కర్లేదని తేలాక తీసేశాను. తీసేయడం మనసుకు కష్టంగానే అనిపించింది. కానీ ఆ వారం ఖాళీ అయింది కాబట్టే తేదీల మీద రెండోసారి ప్రాక్టీస్ చేయించగలిగాను. ఎక్కువమంది తడబడేది అక్కడే.

లక్ష్యాలు రాసేటప్పుడు "అర్థం చేసుకుంటారు", "అవగాహన పొందుతారు" అని రాయకండి. అర్థమైందో లేదో బయటికి కనపడదు. "సరిచేస్తారు", "పోల్చి చెబుతారు", "తయారు చేస్తారు" అని రాస్తే, చేశారో లేదో చూసి చెప్పొచ్చు.

అపోహ: క్లాసులో చెప్పే గంట పాఠాన్ని రికార్డ్ చేసి పెడితే సరిపోతుంది.

వాస్తవం: క్లాసులో ఎదురుగా కూర్చున్నవాళ్ల ముఖం చూసి మనం వేగం తగ్గిస్తాం, ఉదాహరణ మారుస్తాం. రికార్డింగ్‌లో ఆ అవకాశం ఉండదు. ఫిలిప్ గువో, జుహో కిమ్, రాబ్ రూబిన్ కలిసి ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ వేదిక కోర్సుల్లో 69 లక్షల వీక్షణ సెషన్లను పరిశీలించి 2014లో ఫలితాలు ప్రకటించారు. వీడియో ఎంత పొడవున్నా, విద్యార్థులు దాన్ని చూసిన సమయం మధ్యస్థంగా 6 నిమిషాలకు మించలేదు. ఖర్చు పెట్టి స్టూడియోలో తీసిన వాటికంటే, టీచర్ తన టేబుల్ దగ్గర కూర్చుని మామూలుగా మాట్లాడిన వీడియోలు ఎక్కువ ఆకట్టుకోవచ్చని కూడా వాళ్లు గమనించారు. చూసినంత మాత్రాన నేర్చుకున్నట్టు కాదు, నిజమే. కానీ చూడనే చూడని పాఠం ఎవరికీ ఉపయోగపడదు.

నా మొదటి కోర్సులో 40 నిమిషాల వీడియో ఒకటి ఉండేది. ఏ నిమిషంలో ఎంతమంది చూస్తున్నారో చూపే దాని గ్రాఫ్ ఏడో నిమిషం దగ్గర బాగా కిందికి దిగి, 31వ నిమిషం దగ్గర మళ్లీ ఒక్కసారి పైకి లేచింది. అక్కడ ఏముందా అని వెళ్లి చూస్తే, అసైన్‌మెంట్‌కి కావాల్సిన ఫార్ములా అక్కడే రాశాను. అందరూ దానికోసం వెతుక్కుంటూ నేరుగా అక్కడికి వచ్చారు. ఆ వీడియోని ఆరు ముక్కలు చేశాను. ఒక్కో ముక్కకి ఒకే ప్రశ్న, ఆ ప్రశ్నే దాని పేరు: "తేదీ అంకెగా ఎందుకు మారిపోతోంది?" లాగా.

ఖర్చు పెట్టాలనుకుంటే కెమెరా మీద కాదు, మైక్ మీద పెట్టండి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా భరిస్తారు, మాట సరిగా వినపడకపోతే ఆపేస్తారు. ఫ్యాన్ ఆపి, మందపాటి తెరలున్న చిన్న గదిలో రికార్డ్ చేస్తే ప్రతిధ్వని తగ్గుతుంది. ఇంకో మాట: వీడియోలో "వచ్చే సోమవారం", "మూడో అసైన్‌మెంట్‌లో" లాంటివి అనకండి. తేదీలన్నీ రాతలో ఉంచితే తర్వాతి బ్యాచ్‌కి వీడియో మళ్లీ తీయక్కర్లేదు.

అపోహ: స్లైడ్ మీద ఉన్నదంతా చదివి వినిపిస్తే బాగా గుర్తుంటుంది.

అదే వాక్యాన్ని కన్ను చదువుతూ, చెవి వింటూ ఉంటే శ్రద్ధ చీలిపోతుంది. విద్యా మనస్తత్వవేత్త రిచర్డ్ మేయర్ పరిశోధనల్లో దీన్ని రిడండెన్సీ సూత్రం అంటారు. స్లైడ్ మీద బొమ్మో, నాలుగు మాటలో ఉంచి మిగతాది మీ గొంతుతో చెప్పండి. క్యాప్షన్లు మాత్రం తప్పనిసరి. వినికిడి సమస్య ఉన్నవాళ్లకి అవే ఆధారం. అక్కర్లేనివాళ్లు ఆఫ్ చేసుకుంటారు. ఆటోమేటిక్ క్యాప్షన్లు సాంకేతిక పదాల దగ్గర తడబడతాయి కాబట్టి ఒకసారి కూర్చుని దిద్దాలి.

అపోహ: క్విజ్ అంటే మార్కుల కోసమే.

వాస్తవం: గుర్తు తెచ్చుకోవడమే ఒక చదువు. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో చేసిన ప్రయోగంలో ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే, పాఠాన్ని మళ్లీ చదివినవాళ్లు ముందున్నారు. వారం తర్వాత పెడితే, చదివింది చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లే ముందున్నారు. మళ్లీ చదివితే వచ్చేసినట్టు అనిపిస్తుంది, ఇబ్బంది అక్కడే ఉంది. అందుకే ప్రతి వీడియో తర్వాత మూడు ప్రశ్నలు పెడతాను, ఎన్నిసార్లయినా ప్రయత్నించొచ్చు. తప్పు జవాబు ఎంచుకుంటే అది ఎందుకు తప్పో ఒక వాక్యం కనిపిస్తుంది. ఆ వాక్యాలు రాయడానికే ఎక్కువ సమయం పడుతుంది, పడనివ్వండి.

అపోహ: డిస్కషన్ పెడితే చాలు, వాళ్లే మాట్లాడుకుంటారు.

"పివట్ టేబుల్ ఉపయోగాలు చర్చించండి" అని ఒకసారి పెట్టాను. ముప్ఫై మంది ఒకే జవాబు రాశారు. తప్పు వాళ్లది కాదు, అది చర్చించే ప్రశ్నే కాదు. ఇప్పుడు ఇలా అడుగుతున్నాను: "మీ షీట్‌లోంచి మీరు తీసేసిన ఒక వరస చూపించండి, ఎందుకు తీసేశారో చెప్పండి. ఇంకొకరు తీసేసిన వరసను మీరైతే ఉంచేవారా?" ఇద్దరి జవాబులు ఒకలా ఉండవు కాబట్టి మాట సాగుతుంది.

అపోహ: ఒకసారి తయారు చేస్తే తర్వాత పనేమీ ఉండదు.

లెక్క వేసుకోండి. 40 మంది, ఒక్కో అసైన్‌మెంట్ చూడటానికి 15 నిమిషాలు: మొత్తం పది గంటలు. వారానికి అంత సమయం లేకపోతే అసైన్‌మెంట్లు తగ్గించండి, ఫీడ్‌బ్యాక్ తగ్గించకండి. మార్కులు దేనికి ఎన్నో చెప్పే రూబ్రిక్ ముందే ఇస్తే వాళ్లకీ టెన్షన్ ఉండదు, మీకూ దిద్దడం తేలికవుతుంది.

అపోహ: నాకు అన్నీ కనిపిస్తున్నాయి కాబట్టి అందరికీ కనిపిస్తాయి.

టీచర్ లాగిన్‌లో అన్నీ తెరుచుకుంటాయి. ఒక బ్యాచ్ మొదటి రోజు ఉదయం నా మెయిల్ నిండా యాక్సెస్ రిక్వెస్టులే. షీట్ షేర్ చేశాననుకున్నాను, నా ఒక్కడికే తెరుచుకునేలా ఉండిపోయింది. తొలిరోజు ఉత్సాహంగా వచ్చినవాళ్లు మూసిన తలుపు ముందు నిలబడాల్సి వచ్చింది. ఆ బాధ నాకింకా పోలేదు.

అప్పటినుంచి కోర్సు మొదలయ్యే వారం ముందు ఒక విద్యార్థి అకౌంట్‌తో, కంప్యూటర్ మీద కాకుండా ఫోన్ మీద, మొదటి వారం మొత్తం నేనే చేస్తాను. ప్రతి లింకూ నొక్కుతాను. క్విజ్ పబ్లిష్ అయిందా, మార్కుల మొత్తం 100కి వస్తోందా, డెడ్‌లైన్ ఏ టైమ్ జోన్‌లో చూపిస్తోందో చూస్తాను. తర్వాత సబ్జెక్ట్ తెలియని ఒకరి చేతికి ఫోన్ ఇచ్చి, "మొదటి అసైన్‌మెంట్ ఎక్కడుందో కనుక్కుని సబ్మిట్ చేయండి" అంటాను. నేను నోరు మెదపను. వాళ్ల వేలు ఎక్కడ ఆగిందో, ఆ పేజీని ఆ రాత్రే మార్చేస్తాను.