కొత్త డిజిటల్ పెడల్‌లో పాత కోరస్ సౌండ్: అపోహలు - వాస్తవాలు

కొత్త డిజిటల్ మాడ్యులేషన్ పెడల్ చేతికి రాగానే చాలామంది అందులో వింటేజ్ కోరస్ అనే ప్రీసెట్ తెరుస్తారు, రెండు కార్డ్స్ వాయిస్తారు, ఇది ఆ సౌండ్ కాదని తేల్చేసి పాత పెడల్ కోసం వెతుకులాట మొదలుపెడతారు. గిటారిస్టులకి పెడల్‌బోర్డులు సెట్ చేసిపెట్టే పనిలో నాకు ఎక్కువగా ఎదురయ్యే గొడవ ఇదే. కోరస్ అంటే గిటార్ సిగ్నల్‌కి కాస్త ఆలస్యంగా, పిచ్ కొంచెం ఊగుతూ వచ్చే నకలుని కలిపే ఎఫెక్ట్. నేను చెప్పేది ఒక్కటే. పాత పెడల్స్‌కి చేతకాని పనులు కొన్ని ఉన్నాయి, అవేంటో తెలుసుకుని కొత్త పెడల్‌తో కూడా ఆ పనులు చేయించకపోతే సౌండ్ దారిలో పడుతుంది.

అపోహ: డిజిటల్‌లో ఆ వెచ్చదనం రానే రాదు

ఆ సౌండ్‌కి మూలం బీబీడీ చిప్, అంటే సిగ్నల్‌ని ఆలస్యం చేసే బకెట్ బ్రిగేడ్ డివైస్. 1969లో ఫిలిప్స్‌లో పనిచేస్తున్న శాంగ్‌స్టర్, టీర్ అనే ఇద్దరు దీన్ని తయారుచేశారు. మంటలార్పడానికి జనం వరసగా నిలబడి నీళ్ల బకెట్లు చేతులు మార్చుకున్నట్టు, ఈ చిప్ సిగ్నల్‌ని చిన్న చిన్న వోల్టేజ్ ముక్కలుగా చేసి ఒక కెపాసిటర్ నుంచి పక్కదానికి నెడుతూ పోతుంది. బాస్ బ్రాండ్ కోరస్ పెడల్ సీఈ-2లో ఉండే ఎంఎన్3007 అనే చిప్‌లో ఇలాంటి మెట్లు 1024. ఆ నెట్టే వేగాన్ని నిర్ణయించే క్లాక్ 100 కిలోహెర్ట్జ్‌లో నడిస్తే 5.12 మిల్లీసెకన్ల డిలే, అంటే ఆలస్యం, వస్తుంది, క్లాక్ నెమ్మదిస్తే డిలే పెరుగుతుంది.

అంటే సిగ్నల్‌ని ముక్కలు చేయడం అనలాగ్ చిప్ కూడా చేస్తుంది! అలా చేసినప్పుడు అక్కర్లేని శబ్దాలు చొరబడకుండా చిప్‌కి ముందూ వెనకా ఫిల్టర్లు పెట్టక తప్పదు, అవి ట్రెబుల్‌లో పైభాగాన్ని కోసేస్తాయి. మనం వెచ్చదనం అంటున్నది చాలావరకు ఆ ఫిల్టర్ల పనే. అయితే ఆ ఫిల్టర్లు వెట్ (ఎఫెక్ట్ పడిన నకలు) దారిలోనే ఉంటాయి, డ్రై (ఎఫెక్ట్ లేని అసలు) సిగ్నల్ వాటి గుండా పోదు. డిజిటల్ పెడల్ కీచుగా ఉందని ఆంప్‌లో ట్రెబుల్ తగ్గించేవాళ్లు ఇక్కడే దారి తప్పుతున్నారు, ఎందుకంటే అలా చేస్తే డ్రై కూడా చచ్చిపోతుంది, మొత్తం బురదగా వినిపిస్తుంది. చేయాల్సిందల్లా వెట్, డ్రై పాళ్లు మార్చే మిక్స్ నాబ్‌ని పూర్తిగా వెట్ వైపు తిప్పి, హై కట్‌నో టోన్‌నో ఆ వెట్ సౌండ్ ఒంటరిగా కాస్త మూగగా అనిపించేదాకా తగ్గించి, అప్పుడు మిక్స్‌ని మళ్లీ సగానికి తేవడం. 5, 6 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి చెవితో సర్దుకోండి. ఈ ఒక్క మార్పుతోనే చాలామంది ముఖాలు వెలగడం చూశాను.

అపోహ: వింటేజ్ కోరస్ అంటే ఒకే సౌండ్

కానే కాదు. రోలాండ్ జేసీ-120 ఆంప్ 1975లో వచ్చింది. దానిలోని కోరస్‌నే విడిగా తీసి పెట్టెలో పెడితే 1976లో సీఈ-1 అయింది, రోలాండ్ వాళ్ల బాస్ బ్రాండ్ పేరుతో వచ్చిన మొదటి పెడల్ అదే. 1979లో చిన్న పెట్టెలో సీఈ-2 వచ్చింది. రోలాండ్ డైమెన్షన్ డీ అనే కోరస్ యూనిట్ కూడా 1979దే, కానీ దాని స్వభావమే వేరు.

జేసీ-120లో రెండు స్పీకర్లుంటాయి. కోరస్ వేస్తే ఒకదానిలోంచి డ్రై, రెండోదానిలోంచి వెట్ వస్తాయి, రెండూ కలిసేది గదిలోని గాలిలో. అందుకే అంత విశాలంగా ఉంటుంది. సీఈ-2 మోనో పెడల్, అక్కడ రెండూ వైర్‌లోనే కలిసిపోతాయి, కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ఆ కదిలే గుంటలే దాని ముద్ర. ఇప్పుడు డిజిటల్ పెడల్స్‌లో స్టీరియో కోరస్ అంటే సాధారణంగా రెండు వైపులా డ్రై, రెండు వైపులా వెట్, డిలేని నెమ్మదిగా ఊపే ఎల్‌ఎఫ్‌ఓ ఫేజ్ మాత్రం ఎదురెదురు, అంటే ఒకవైపు పెరుగుతుంటే రెండోవైపు తగ్గుతుంది. ఇది బాగుంటుంది కానీ జేసీ కాదు. జేసీ కావాలంటే ఎడమ పూర్తిగా డ్రై, కుడి పూర్తిగా వెట్ పెట్టి రెండు ఆంప్‌లకో, రెండు మానిటర్లకో పంపండి. పెడల్‌లో ఆ ఆప్షన్ లేకపోతే సిగ్నల్‌ని ముందే రెండుగా చీల్చి, పెడల్‌ని మిక్స్ 100తో ఒక దారిలోనే పెట్టండి.

అపోహ: రేట్, డెప్త్ పెంచితేనే కోరస్ తెలుస్తుంది

రేట్ అంటే డిలే ఎంత వేగంగా ఊగుతుందో, డెప్త్ అంటే ఎంత దూరం ఊగుతుందో. దీని మీద కొంచెం లెక్క చూడాలి, చూస్తే మళ్లీ మర్చిపోరు. డిలే 5 మిల్లీసెకన్ల నుంచి 8కి వెళ్లి తిరిగొస్తోందనుకోండి, ఎల్‌ఎఫ్‌ఓ ట్రయాంగిల్, అంటే ఒకే వేగంతో ఎక్కి దిగేది, రేట్ 0.5 హెర్ట్జ్. వెళ్లడానికి ఒక సెకను, రావడానికి ఒక సెకను. సెకనుకి 3 మిల్లీసెకన్ల మార్పంటే 0.3 శాతం పిచ్ తేడా, సుమారు 5 సెంట్లు. సెమీటోన్‌కి 100 సెంట్లు కాబట్టి ఇది చెవికి తియ్యగా ఉండేంత తేడా. ఇప్పుడు డెప్త్ ముట్టుకోకుండా రేట్‌ని 1 హెర్ట్జ్ చేస్తే తేడా 10 సెంట్లు, 3 హెర్ట్జ్ చేస్తే 30 దాటిపోతుంది, గిటార్ శ్రుతి తప్పినట్టే ఉంటుంది. రేట్ పెంచితే పిచ్ తేడా తనంతట తానే పెరుగుతుంది, అందుకే రేట్ పెంచిన ప్రతిసారీ డెప్త్ తగ్గించాలి. సీఈ-1 కోరస్ మోడ్‌లో వాయించేవాడి చేతికి ఇచ్చింది ఇంటెన్సిటీ అనే ఒక్క నాబ్. డైమెన్షన్ డీలో అదీ లేదు, నాలుగు బటన్లే. ఆ డిజైనర్లు మనల్ని హద్దు దాటనివ్వలేదు. కొత్త పెడల్ ఆ హద్దులన్నీ ఎత్తేసింది కాబట్టి అవి మనమే పెట్టుకోవాలి.

వేవ్‌ఫామ్ (ఎల్‌ఎఫ్‌ఓ ఊగే ఆకారం) మార్చే వీలుంటే సీఈ-2 కోసం ట్రయాంగిల్‌తో మొదలుపెట్టండి. అందులో వెట్ పిచ్ కాసేపు కొంచెం పైన, కాసేపు కొంచెం కింద దాదాపు నిలకడగా ఉంటుంది. సైన్‌లో నిరంతరం జారుతూ ఉంటుంది. ఫీడ్‌బ్యాక్, అంటే వెట్‌ని మళ్లీ లోపలికి పంపడం, సున్నా. అది పెరిగితే ఫ్లాంజర్ (జెట్ విమానంలా హోరెత్తే ఎఫెక్ట్) వైపు వెళ్లిపోతారు.

అపోహ: ఎనభైల కోరస్ అంతా అనలాగే

ఈవెంటైడ్ హెచ్910 అనే, పిచ్ మార్చే డిజిటల్ హార్మొనైజర్ 1975 నుంచే స్టూడియోల్లో ఉంది. 1985లో వచ్చిన టీసీ 2290 కూడా డిజిటల్ డిలేనే, దాని కోరస్ కోసం ఇప్పటికీ మనుషులు వెతుకుతారు. ది పోలీస్ బ్యాండ్ గిటారిస్ట్ ఆండీ సమ్మర్స్ తొలి రోజుల సౌండ్‌ని అందరూ కోరస్ అంటారు కానీ ఆయన వాడింది ఎలక్ట్రిక్ మిస్ట్రెస్, అది ఫ్లాంజర్. మీకు నచ్చిన రికార్డులో అసలు ఏం వాడారో తెలుసుకోకుండా కోరస్ ప్రీసెట్లన్నీ తిప్పడం టైమ్ వృథా.

అపోహ: కొంచెం హిస్ కలిపితే పాతదిలా ఉంటుంది

ఆ హిస్‌తో, అంటే వెనకాల బుస్సుమనే శబ్దంతో, పాత ఇంజనీర్లు పోరాడారు. డైమెన్షన్ డీలో సిగ్నల్‌ని ముందు నొక్కి తర్వాత విప్పే కంపాండర్ పెట్టింది, సీఈ-2లో చిప్‌కి ముందు ట్రెబుల్ పెంచి తర్వాత తగ్గించింది అందుకే. వాళ్లు వదిలించుకోవాలని చూసినదాన్ని తెచ్చి కలపొద్దు. నాయిస్ నాబ్ ఉంటే సున్నాలో పెట్టండి.

అపోహ: డైమెన్షన్ సౌండ్ అంటే కోరస్‌ని బాగా తగ్గించి పెట్టడమే

తగ్గించిన కోరస్ తగ్గించిన కోరస్‌లాగే ఉంటుంది. డైమెన్షన్‌లో రెండు డిలే లైన్లు ఎదురెదురుగా కదులుతాయి, ఒకటి పిచ్ పెంచుతున్నప్పుడు ఇంకొకటి దించుతుంది, అందుకే ఊగుతున్నట్టు తెలియదు, సౌండ్ మాత్రం వెడల్పు అవుతుంది. పైగా ఒకవైపు వెట్‌ని ఫేజ్ తిప్పి రెండో వైపూ కలుపుతుంది. మీ పెడల్‌లో రెండు వాయిస్‌లు, వాటి మధ్య 180 డిగ్రీల ఫేజ్ పెట్టే వీలుంటే దగ్గరికి వెళ్లొచ్చు. రేట్ 0.3 హెర్ట్జ్ చుట్టుపక్కల, డెప్త్ చిన్నది. క్లీన్ ఆర్పెజియోల (తీగ తర్వాత తీగ మీటే కార్డ్స్) మీద ఇది వేసి, తర్వాత ఆపి చూడండి, ఉన్నప్పటికంటే ఆపినప్పుడే ఎక్కువ తెలుస్తుంది.

అపోహ: కోరస్ ఎప్పుడూ డ్రైవ్ తర్వాతే ఉండాలి

డ్రైవ్ అంటే సౌండ్‌ని పగిలేలా చేసే ఓవర్‌డ్రైవ్ పెడల్. కోరస్‌ని దాని తర్వాత పెట్టడం స్టూడియో అలవాటు. స్టేజ్ మీద సీఈ-1ని చాలామంది గిటార్‌కీ ఆంప్‌కీ మధ్య పెట్టేవాళ్లు, ఆంప్ కాస్త పగులుతుంటే కోరస్ ఆ పగుళ్లలో కలిసిపోయేది. అంతేకాదు, సీఈ-1 ప్రీఆంప్‌కి కూడా సొంత రంగు ఉంది, దాని ఇన్‌పుట్ ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి ఇచ్చే అడ్డు) తక్కువ కాబట్టి గిటార్ పికప్ ట్రెబుల్ కొంత పడిపోతుంది, గట్టిగా మీటితే కొంచెం గరుకు వస్తుంది. చాలా డిజిటల్ ప్రీసెట్లలో ఈ భాగం ఉండదు. దానికి కోరస్ ముందు తక్కువ గెయిన్‌లో ఒక ఓవర్‌డ్రైవ్ పెట్టి, టోన్ కాస్త దించండి. గట్టిగా మీటినప్పుడు మాత్రమే అది పలికేలా గెయిన్ ఉంటే సరిపోతుంది.