పెద్దరికం దించుకోవడం గురించి పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు ఆశీస్సులు.

ప్రపంచ వ్యవహారాల్లో తన పెద్దరికాన్ని అమెరికా తగ్గించుకోవాలా అని మీరు అడిగారు. తగ్గించుకోవచ్చు గాని, దాని మంచిచెడ్డలు తగ్గించుకునే తీరును బట్టి ఉంటాయని నా అభిప్రాయం. అమెరికాకు ముందు ఆ పెద్దరికం నెరపిన బ్రిటన్ 1968లో ఏం చేసిందో చూస్తే నా మాట మీకు అర్థమవుతుంది.

అప్పటికి మన దేశంతో సహా బ్రిటన్ వలసలు చాలావరకు స్వతంత్రమయ్యాయి. అయినా సింగపూర్‌లోనూ, పర్షియన్ గల్ఫ్‌లోనూ దాని సైన్యాలు మిగిలే ఉన్నాయి. ఇంట్లో మాత్రం డబ్బుకు కటకట. 1967 నవంబరులో పౌండు విలువను 2.80 డాలర్ల నుంచి 2.40కి దించవలసి వచ్చింది. అదే నెలలో గొరాన్వీ రాబర్ట్స్ అనే మంత్రి గల్ఫ్ పాలకుల దగ్గరకు వెళ్లి, తమ సైన్యం ఎక్కడికీ పోదని అభయమిచ్చారు. రెండు నెలలైనా గడిచాయో లేదో, 1968 జనవరిలో, పాపం ఆ మంత్రినే మళ్లీ పంపి, వెళ్లిపోతున్నామని వాళ్లకే చెప్పించారు. సైన్యం ఖర్చు తామే భరిస్తామని అబూ ధాబీ పాలకుడు షేక్ జాయెద్ ముందుకొచ్చినా లండన్ ఒప్పుకోలేదు.

సింగపూర్ ఆదాయంలో దాదాపు ఐదో వంతు ఆ స్థావరాల మీదే ఆధారపడి ఉండేది. ప్రధాని లీ క్వాన్ యూ హుటాహుటిన లండన్ వెళ్లి వాదించి, 1971 మార్చి నాటికి అనుకున్న గడువును ఆ ఏడాది చివరి దాకా పొడిగింపజేసుకున్నారు. తొమ్మిది నెలలే కదా అనిపిస్తుంది గాని, కొత్త సైన్యాన్ని నిలబెట్టుకుంటున్న చిన్న దేశానికి అది చాలా విలువైన వ్యవధి. సెంబవాంగ్ నౌకా మరమ్మతు కేంద్రాన్ని బ్రిటన్ నామమాత్రంగా ఒక్క డాలరుకు అప్పగించింది. సింగపూర్ దాన్ని వ్యాపార కేంద్రంగా మార్చుకుంది. వెళ్లేవాడు పనిముట్లు వదిలి వెళ్లడమంటే ఇదే.

గల్ఫ్‌లో కథ అంత సాఫీగా సాగలేదు. 1971 నవంబరు 30న, బ్రిటన్ రక్షణ ఒప్పందాలు ముగియబోతుండగా, గల్ఫ్‌లోని అబూ మూసా, తుంబ్ దీవుల్లో ఇరాన్ సైన్యం దిగింది. డిసెంబరు 2న ఆరు ఎమిరేట్లు కలిసి యూఏఈ అనే ఒక దేశమయ్యాయి. ఇరాన్‌కూ ఆ దేశానికీ మధ్య ఆ దీవుల తగాదా నేటికీ తెగలేదు. బహ్రెయిన్‌లో బ్రిటన్ ఖాళీ చేసిన జుఫైర్ స్థావరంలో కొంత భాగాన్ని అమెరికా నౌకాదళం తీసుకుంది.

బ్రిటన్‌కు ఉన్న ఈ వెసులుబాటు అమెరికాకు లేదన్నదే అసలు చిక్కు. తన చోటు తీసుకోవడానికి బ్రిటన్‌కు స్నేహితుడొకడు సిద్ధంగా ఉన్నాడు; అమెరికా లేచిన చోట చైనా కూర్చుంటే చాలా దేశాలకు సమ్మతం కాదు, ఎవరూ కూర్చోకపోతే పొరుగువాళ్లే కొట్లాడుకుంటారు. అలాగని ఎప్పటికీ ఉండిపొమ్మనీ నేను అనను. ఇరాక్‌పై 2003లో చేసిన యుద్ధం లాంటివి ఆ పెద్దరికం పేరుతో జరిగినవే. అయితే అఫ్గానిస్తాన్ నుంచి వెళ్లిపోవడానికి 2020 ఫిబ్రవరిలో దోహాలో తాలిబాన్‌తో ఒప్పందం చేసుకున్నప్పుడు అమెరికా కాబూల్ ప్రభుత్వాన్ని అందులో భాగస్వామిని చేయలేదు. 2021 ఆగస్టులో ఆ ప్రభుత్వం ఎలా కూలిందో మీరూ టీవీలో చూశారు. అక్కడ తప్పు వెళ్లడంలో లేదు, అక్కడ ఉండిపోయేవాళ్లను అడగకుండా వెళ్లడంలో ఉంది.

గల్ఫ్ చమురు ఓడలు బయటికొచ్చే ఇరుకు సముద్రదారి హోర్ముజ్ జలసంధికి కాపలా ఎవరిదన్న ప్రశ్న జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల ప్రాంతాల్లో గల్ఫ్ జీతం మీద బతికే ఇళ్లకు దూరపు రాజకీయం కాదు. అమెరికా అక్కడి నుంచి తగ్గాలనుకుంటే, ఆ తీరంలోని దేశాలతోనూ, ఆ దారిన చమురు తెచ్చుకునే మన దేశంతోనూ కొన్నేళ్ల ముందే కూర్చుని, ఏ పని ఎవరికి అప్పగిస్తారో తేల్చుకోవాలి. మన నౌకాదళం 2019 నుంచీ ఆ ప్రాంతంలో భారత నౌకలకు రక్షణగా తిరుగుతూనే ఉంది కాబట్టి, ఆ మాటల్లో కూర్చునే హక్కు మనకూ ఉంది.

మీ తాతయ్య