తీగ ఏ వైపు తిరుగుతుంది?

పిల్లలూ,

మీలో పదిహేనేళ్ల కుర్రాడొకడు నాకు ఉత్తరం రాశాడు. "తాతయ్యా, నా స్నేహితుడంటే నాకు వేరేగా ఇష్టం. వాడు రాని రోజు క్లాసంతా ఖాళీగా ఉంటుంది. మొన్న వాడు ఒకమ్మాయి గురించి గంటసేపు చెప్పాడు. నవ్వుతూ విన్నాను. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. నాకేమైనా జబ్బా? అందరిలా ఉండి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు కదా?" అని.

జవాబు అందరికీ రాస్తున్నాను. ఇదే ప్రశ్న గుండెల్లో దాచుకుని నోరు విప్పలేని వాళ్లు మీలో ఇంకా ఉంటారు. ఆ ప్రశ్న లేనివాళ్ల పక్కనా అలాంటి స్నేహితుడు ఒకడు కూర్చుని ఉంటాడు.

బాబూ, జబ్బు కాదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973లోనే దీన్ని జబ్బుల పట్టికలోంచి తీసేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తీసేసింది. మగపిల్లాడి మనసు మగపిల్లాడి మీదికే పోతే గే అంటాం, అంతే. దీనికి మందు అక్కర్లేదు, మందంటూ లేదు కూడా. మార్చేస్తానని ఎవరైనా అంటే వాళ్ల గడప తొక్కకు.

మరి అందరూ ఒకలా ఎందుకు లేరు? చిక్కుడు తీగ పక్కన ఒక కర్ర పాతి చూడండి. తీగ కొస గాల్లో మెల్లగా గుండ్రంగా తిరుగుతూ ఆసరా వెతుక్కుంటుంది. కర్ర తగలగానే చుట్టుకుంటుంది, ఎప్పుడూ ఒకే వైపు. దాన్ని విప్పి రెండో వైపు చుట్టి దారంతో కట్టి చూడండి. కట్టిన మేర అలాగే పడి ఉంటుంది పాపం. కొత్తగా పెరిగిన కొస మాత్రం మళ్లీ తన వైపే తిరుగుతుంది. తీగజాతుల్లో ఎక్కువ భాగం ఇలాగే తిరుగుతాయి. కొన్ని మాత్రం రెండో వైపు తిరుగుతాయి. వాటికది ఎవరూ నేర్పలేదు, చెడు సావాసమూ పట్టలేదు. పందిరికి రెండూ ఒకటే.

ఇక్కడే నీకు కష్టమైన మాట ఒకటి చెప్పాలి. నిన్ను ఎవరూ రెండో వైపు తిప్పలేరు. నీ స్నేహితుణ్ని నువ్వూ తిప్పలేవు. వాడి తీగ తిరిగే వైపు అది. వాడు అటు చూస్తున్నది నీలో ఏదో లోటుండి కాదు. ఎంత మంచిగా ఉన్నా, ఎన్ని నోట్సులు రాసిపెట్టినా ఆ వైపు మారదు. నిన్ను కాపాడే న్యాయమే వాణ్నీ కాపాడుతుంది.

ఇక ఆ బాధ సంగతి. అందరిలా ఉంటే ఉండేది కాదంటున్నావు. రేపు ఆ అమ్మాయి వాణ్ని కాదంటే వాడికీ ముద్ద దిగదు. ప్రేమించి కాదనిపించుకున్న వాళ్ల మెదళ్లను స్కాన్ చేసి చూశారు. ఇష్టమైనది దొరకబోతోందంటే ఆశతో మేలుకునే చోట్లే వాళ్లలోనూ చురుగ్గా ఉన్నాయట. అందుకే వద్దనుకున్న కొద్దీ గుర్తొస్తారు. నువ్వు గే కావడం ఒక సంగతి, ప్రేమ తిరిగి రాకపోవడం ఇంకో సంగతి. రెంటినీ కలిపి ముడేసి, మొదటిదానికి రెండోది శిక్ష అనుకుంటున్నావు. ఆ ముడి విప్పెయ్.

నీ వయసులో నా బెంచీలో ఒకడు కూర్చునేవాడు. వాడి కుడిచేతి మధ్యవేలి మీద సిరా మరక ఎప్పుడూ ఆరేది కాదు. నా పెట్టెలో వృత్తలేఖిని ఉన్నా వాడిదే అడిగి తీసుకునేవాణ్ని. ఒకరోజు వాడు కిటికీ పక్క బెంచీకి మారిపోయాడు. అక్కణ్నుంచి అమ్మాయిల వరండా కనిపిస్తుందని నాకే చెప్పాడు, గుసగుసగా, సంతోషంగా. ఖాళీ అయిన చోట ఇంకెవరూ కూర్చోకుండా నా సంచి పెట్టుకున్నాను. కొన్నాళ్లకు ఒక కొత్త కుర్రాడు వచ్చి, కాస్త జరగమన్నాడు. సంచి తీసి కింద పెట్టాను. చేతికి ఆ సంచి ఎంత బరువనిపించిందో! ఆ మరక వేలి మీద ఇష్టం ఈనాటికీ నాలో ఉంది. బాధ మాత్రం ఎప్పుడు వెళ్లిపోయిందో నాకే తెలియకుండా వెళ్లిపోయింది.

వాడికి చెప్పాలా అంటావేమో. చెప్పి తీరాలని లేదు. చెబితే తేలికవుతుందనిపించి, వాడు నీ మాట దాచగలడని నమ్మకముంటే చెప్పు, జవాబు మాత్రం ఆశించకు. పిల్లలూ, ఇది మిగతా వాళ్లకు: ఎవరైనా మీకీ మాట చెబితే అది మీ దగ్గరే ఉండాలి. ఇంకొకరి చెవిన వెయ్యడానికి అది మీ సొత్తు కాదు.

నాలుగు రోజులు వాడికి దూరంగా ఉండాలనిపిస్తే ఉండు, తప్పేం లేదు. ఫోన్లో ముఖం తెలియని పెద్దవాళ్లు "నిన్ను నేనే అర్థం చేసుకుంటాను, ఎవరికీ చెప్పకు" అంటే మాత్రం నమ్మకు. ఎదురుగా ఉన్న మనిషిని వెతుక్కో. ఇతరుల రహస్యాలు నీ ముందు చెప్పనివాళ్లు, ఎవరినైనా ఎగతాళి చేస్తుంటే నవ్వనివాళ్లు నీ చుట్టూ ఎవరున్నారో ఈ వారమంతా గమనించు. పిన్ని కావచ్చు, టీచరు కావచ్చు, అక్క కావచ్చు. వాళ్లలో ఒకరికి చెప్పు. బతకడమే వద్దనిపించిన రోజు వస్తే మాత్రం వారం ఆగకు, ఆ గంటలోనే చెప్పు.

ప్రేమతో,
మీ తాతయ్య