సీసా వెనక్కి తిప్పి చూడండి

పిల్లలూ,

మీలో ఒకరు నల్ల చొక్కా తొడగడమే మానేశారని మీ అమ్మ చెప్పింది, ఎవరో అడగన్లే. భుజాల మీద తెల్లపొట్టు రాలడం నాకూ ఉండేది. చుండ్రు ముదిరి, మాడు ఎర్రబడి, జిడ్డు పొలుసులు కడితే దాన్నే సెబోరిక్ డెర్మటైటిస్ అంటారు. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు, సిగ్గుపడే పనే లేదు. మలసీజియా అనే ఈస్టు, అంటే కంటికి కనిపించని ఒక రకం ఫంగస్, అందరి తల మీదా ఉంటుంది. అది మాడు మీది జిడ్డు తిని కొన్ని ఆమ్లాలు వదులుతుంది, కొందరి చర్మానికి అవి పడవు, అంతే.

నేను చాలాకాలం సీసా మీద ఆకుల బొమ్మ చూసి షాంపూ కొన్నాను. ఓసారి వెనక్కి తిప్పి చదివితే, నురగ తెప్పించేవన్నీ మామూలు షాంపూలో ఉన్నవే, ఆకుల రసం ఎక్కడో చివర్లో. మూలికలన్నీ దండగ అనను. 5 శాతం టీ ట్రీ నూనె కలిపిన షాంపూని నాలుగు వారాలు వాడించి చూస్తే చుండ్రు 41 శాతం తగ్గిందని, ఆ నూనె లేనిదానితో 11 శాతమేనని 2002లో ఒక పరిశోధన వచ్చింది. కానీ అదే నూనె కొందరికి ఎలర్జీ తెస్తుంది. మొక్కదే కదా ఏం చేస్తుందిలే అనుకోకండి, దురదగొండి కూడా మొక్కే!

మందు షాంపూలో చూడాల్సింది లోపలి మందు పేరు. కీటోకొనజోల్, సెలీనియం సల్ఫైడ్ ఈస్టుని తగ్గిస్తాయి, సాలిసిలిక్ ఆమ్లం పొలుసులు ఊడదీస్తుంది. అదీ వాడాను, ఏం లాభం లేదని విసుక్కుంటూ డాక్టరు దగ్గరికెళ్తే ఆయన అడిగింది ఒకటే, తల మీద ఎంతసేపు ఉంచుతున్నారని. రుద్దడం, కడిగేయడం, మొత్తం అర నిమిషం! కీటోకొనజోల్ 2 శాతం షాంపూ అయితే జుట్టుకి కాదు, మాడుకి పట్టించి, 3 నుంచి 5 నిమిషాలు ఆగి కడుక్కోవాలి, వారానికి రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు. కళ్లు మూసుకుని నిలబడితే ఆ అయిదు నిమిషాలు ఎంత పొడుగో మీకే తెలుస్తుంది. మూడో వారానికి దురద పోయింది. పోయింది కదా అని మానేశాను, మళ్లీ మొదలు. ఇప్పుడు వారం పది రోజులకోసారి ఆ షాంపూ పట్టిస్తున్నాను.

పొలుసులు మెత్తబడతాయని నూనె పట్టించి రోజంతా వదిలేయకండి, ఆ ఈస్టుకి కావాల్సిందే కొవ్వు. గుండ్రంగా జుట్టు ఊడినా, రసి కారినా షాంపూలతో కాలక్షేపం చెయ్యొద్దు. అది తామర అయితే మాత్రలు మింగాల్సిందే, డాక్టరుకి చూపించండి.

మీ తాతయ్య