నిన్న పుట్టిన బిడ్డ పాపి ఎలా అయ్యాడు: 418 నాటి తీర్పు కథ

గుడ్ ఫ్రైడే దగ్గర పడితే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఈ గొడవ మళ్ళీ లేస్తుంది. ఆదాము చేసిన తప్పుకి నిన్న పుట్టిన పసిగుడ్డు పాపి ఎలా అవుతుందని ఒకళ్ళు, కాకపోతే యేసయ్య సిలువ మీద ఎవరి కోసం చనిపోయినట్టు అని ఇంకొకళ్ళు. ఏదెను తోట, పండు, సర్పం అందరికీ తెలుసు కాబట్టి వాటిని వదిలేస్తున్నా. నా లెక్కలో కథ మలుపు తిరిగింది ఉత్తర ఆఫ్రికాలో, క్రీ.శ. 411కీ 418కీ మధ్య.

రోమా పత్రిక 5:12 తీయండి. మన తెలుగు బైబిల్లో "మనుష్యులందరు పాపము చేసినందున మరణము అందరికిని సంప్రాప్తమాయెను" అని ఉంటుంది. ఆ "చేసినందున" దగ్గర ఒక్క క్షణం ఆగండి. పౌలు గ్రీకుని ఇవాళ చాలామంది పండితులు ఇలాగే చదువుతారు. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో ఊరి బిషప్ అగస్టీన్ చదివిన లాటిన్ తర్జుమాలో మాత్రం అదే మాట "అతనిలో అందరూ పాపం చేశారు" అని అర్థం వచ్చేలా ఉంది, అతనిలో అంటే ఆదాములో అని ఆయన తీసుకున్నాడు. ఆయన మహా మేధావి, కానీ గ్రీకు అంతంత మాత్రం, చిన్నప్పుడు ఆ చదువంటే గిట్టేది కాదని తనే రాసుకున్నాడు. దాంతో ఆదాము నుంచి మనకి చావుతో పాటు నేరం కూడా వారసత్వంగా వచ్చిందని తేల్చేశాడు.

దీన్ని ఒప్పుకోనివాడు పెలాజియస్, బ్రిటన్ నుంచి రోమ్ వచ్చిన సన్యాసి. పుట్టుకతోనే చెడ్డవాళ్ళమైతే ఇక ఆజ్ఞలు ఎవరికిచ్చినట్టు, ఆదాము మనకి చెడ్డ మాదిరి చూపించాడు అంతే అనేవాడు. 410లో గోత్ జాతి రాజు అలారిక్ సేనలు రోమ్ ని దోచుకునే రోజుల్లో ఈయనా శిష్యుడు కెలెస్టియస్ ఆఫ్రికా చేరారు. 411లో అక్కడి పెద్ద పట్నం కార్తేజ్ లో శిష్యుణ్ణి తప్పుపట్టారు. 415లో పాలస్తీనాలో, అపొస్తలుల కార్యాల్లో వచ్చే ఆ లుద్ద ఊళ్ళోనే, బిషప్పులు కూర్చుని విచారించి పెలాజియస్ తప్పేమీ లేదన్నారు. 417లో పోప్ ఇన్నోసెంట్ వెలివేశాడు, ఆయన పోయాక అదే ఏడు వచ్చిన పోప్ జోసిమస్ గురుశిష్యులిద్దరికీ తప్పులేదన్నాడు. అక్కడితో ముగిసేదేమో. కానీ 418 ఏప్రిల్ 30న హొనోరియస్ చక్రవర్తి రోమ్ నుంచి వీళ్ళని తరిమేయమని ఫర్మానా ఇచ్చాడు, మర్నాడే కార్తేజ్ సభ పసిపిల్లలకీ జన్మపాపం ఉందని తీర్మానించింది, జోసిమస్ కూడా మాట మార్చుకున్నాడు.

పెలాజియస్ ని ఖండించే పోప్ లేఖ మీద సంతకం పెట్టమంటే ఇటలీలో పద్దెనిమిది మంది బిషప్పులు పెట్టలేదు. వాళ్ళలో ఎక్లానమ్ బిషప్ జూలియన్ మాట ఇవాళ్టికీ వినాల్సిందే. అప్పుడే పుట్టిన బిడ్డ మీద నేరం మోపే దేవుడు న్యాయవంతుడెలా అవుతాడు, పెళ్ళి దేవుడిచ్చింది అయితే దాంట్లోంచి పుట్టేది సాతాను సొత్తు ఎలా అవుతుంది అని అడిగాడు. దర్బారు పెద్దలకి ఆఫ్రికా నుంచి ఎనభై గుర్రాలు లంచంగా వెళ్ళాయని కూడా ఆరోపించాడు. పదవి పోయింది, ఊరు వదిలి వెళ్ళాడు, రాయడం మాత్రం ఆపలేదు. ఆయనకి జవాబు రాస్తూ రాస్తూనే 430లో, వాండల్స్ అనే దండయాత్ర జాతి హిప్పోని చుట్టుముట్టి ఉండగా, అగస్టీన్ పోయాడు. ఆ పుస్తకం సగంలో ఉండిపోయింది.

అగస్టీన్ అడిగిందీ చిన్న ప్రశ్న కాదు. ఏ దోషం లేకపోతే పసివాళ్ళకి ఇన్ని బాధలెందుకు, బాప్తిస్మంలో బిడ్డ మీద ఊది సాతానుని వెళ్ళగొట్టడం ఎందుకు అన్నాడు. కానీ బాప్తిస్మం లేకుండా పోయిన బిడ్డకి శిక్ష తప్పదు, కాకపోతే అన్నిటికంటే తేలిక శిక్ష అని కూడా ఆయనే అన్నాడు. మా పక్క వీధిలో పదకొండు రోజుల బిడ్డ పోతే, "ఇంకా బాప్తిస్మం ఇప్పించలేదంట" అని ఎవరో గొణిగారు, అది ఆ తల్లి చెవిన పడింది. మట్టి వేసేదాకా ఆమె పాస్టరు గారి చెయ్యి వదల్లేదు, "నా బిడ్డ ఎక్కడికి పోయాడయ్యా" అని అదొక్కటే అడిగింది.

ఇక సిలువ. తూర్పు సంఘాలు, అంటే ఆర్థడాక్స్ వాళ్ళు, నేరం వారసత్వంగా వస్తుందన్న మాట తీసుకోలేదు, ఆదాము నుంచి వచ్చింది మరణం అంటాయి, చావుతోనే చావుని తొక్కేశాడని ఈస్టరుకి పాడతాయి. అలా చూస్తే ఏ పాపం ఎరగని బిడ్డకి కూడా సిలువ కావాలి, ఎందుకంటే ఆ బిడ్డకీ చావు ఉంది. పడమట మాత్రం నేరం ముందు ఖాయమైంది కాబట్టి సిలువ దాని చుట్టూనే తిరిగింది. 1098 ప్రాంతంలో ఆన్సెల్మ్ అనే వేదాంతి సిలువని దేవుడి ఘనతకి మనం పడిన బాకీ తీర్చడం అన్నాడు, 16వ శతాబ్దంలో ప్రొటెస్టంట్ సంస్కర్తలు మన బదులు పడిన శిక్ష అన్నారు. గుడ్ ఫ్రైడే నాడు సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద చేసే మన ప్రసంగాల్లో ఎక్కువగా వినేది ఈ చివరిదే. బిడ్డ పాపి కాకపోతే సిలువ దండగా అన్న ప్రశ్న ఈ దారిలో వచ్చినవాళ్ళకే పుడుతుంది.

కేథలిక్ సంఘం ఇలాంటి బిడ్డల రక్షణ మీద ఆశ పెట్టుకోవచ్చని, అందుకు బలమైన కారణాలు ఉన్నాయని 2007లో ఒక వేదాంత కమిషన్ పత్రం ద్వారా చెప్పింది. లూథరన్ల విశ్వాస ప్రకటన అయిన 1530 ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు రెండో అంశంలో పెలాజియస్ వాళ్ళని పేరు పెట్టి ఖండించింది, ఆ లూథరన్ మిషన్ 1842లో గుంటూరొచ్చింది, అక్కడ చంటిబిడ్డకే బాప్తిస్మం ఇస్తారు. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న ఒంగోలు బాప్టిస్టుల్లో చంటిబిడ్డకి ప్రార్థన చేసి దేవుడికి ప్రతిష్ఠిస్తారు, ఎదిగి తనంతట తను నమ్మాకే నీళ్ళలోకి దిగాలి. రెండు చోట్లా పీఠం మీద తెరిచి ఉండే తెలుగు బైబిల్లో ఆ వచనం మాత్రం ఒకటే, "పాపము చేసినందున".