‘ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది సార్’: కారు బీమాలో అపోహలు, వాస్తవాలు

పాడైన బండ్ల నష్టం లెక్కగట్టే బీమా సర్వేయర్‌గా రిపేరు షెడ్డులోకి అడుగుపెట్టగానే నాకు వినపడే మొదటి మాట ‘ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది సార్’. పాలసీ కాగితం మీద మాత్రం ఆ మాట ఎక్కడా కనపడదు. అందులో ఉండేవి ముఖ్యంగా రెండు లెక్కలు. మన బండికి జరిగే నష్టానికి ఓన్ డ్యామేజ్, మన బండి వల్ల ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి థర్డ్ పార్టీ. ఏది ఏ లెక్కలోదో తెలియకే సగం గొడవలు.

అపోహ: ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే చేతి నుంచి రూపాయి పడదు.

మొన్న ఒకాయన ముందు బంపర్ పగిలి వచ్చారు. బంపర్ 12,000, పెయింటింగ్ 8,000, బిగింపు కూలి 1,000. జీఎస్టీ పక్కన పెడితే మొత్తం 21,000. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, టైర్లకు, బ్యాటరీకి పాతబడినందుకు సగం ధర తరుగు కింద తీసేస్తారు. అంటే బంపర్‌లో 6,000 పోయింది. పెయింటింగ్‌లో పావు వంతును రంగు ఖరీదుగా లెక్కగట్టి అందులో సగం కోస్తారు, అదొక 1,000. ప్రతి క్లెయిములో మన వాటాగా పడే తప్పనిసరి కోత, ఇంజిన్ 1500 సీసీ లోపు కాబట్టి, ఇంకో 1,000. చివరికి కంపెనీ ఇచ్చింది 13,000. ‘ఇదేం ఫుల్ సార్?’ అన్నారాయన. నా దగ్గర జవాబు లేదు, ఆ మాట అమ్మినవాళ్ళది.

జీరో డిప్రిసియేషన్ అనే యాడ్ ఆన్, అంటే అదనంగా కట్టి తీసుకునే కవర్, తీసుకుని ఉంటే తరుగు కోతలు ఉండేవి కావు. దాన్నే మనవాళ్ళు బంపర్ టు బంపర్ అంటారు. అది ఉన్నా తప్పనిసరి కోత కట్టాల్సిందే. చాలా కంపెనీలు ఏడాదికి ఇన్ని క్లెయిములే అని లెక్క కూడా పెడతాయి, ఒకసారి చూసుకోండి.

అపోహ: ఏజెంటుతో బేరమాడితే థర్డ్ పార్టీ ప్రీమియం కూడా తగ్గుతుంది.

తగ్గదు. ఆ రేటు కంపెనీ చేతిలో లేదు, ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం ప్రైవేటు కారుకు 1000 సీసీ వరకు 2,094, ఆపైన 1500 వరకు 3,416, అది దాటితే 7,897 రూపాయలు. జీఎస్టీ అదనం. బేరం, పోటీ అంతా ఓన్ డ్యామేజ్‌లోనే. 2007లో ఆ రేట్లను కంపెనీలకే వదిలేశారు, అందుకే ఒకే కారుకు నాలుగు చోట్ల నాలుగు ధరలు. షోరూంవాళ్ళు ఇచ్చిందే తీసుకోవాలన్న రూలు కూడా లేదు, బయట అడిగి చూడండి.

అపోహ: ఐడీవీ తగ్గిస్తే ప్రీమియం తగ్గుతుంది, లాభమే.

ఐడీవీ అంటే బండి పోయినా, పూర్తిగా పాడైనా కంపెనీ లెక్కగట్టే విలువ. రెండు నుంచి మూడేళ్ళ మధ్య బండికి షోరూం ధరలో 30 శాతం తరుగు. 8 లక్షల కారైతే 5,60,000 రావాలి. వెయ్యో పదిహేను వందలో మిగులుతుందని దాన్ని 4,80,000కి దించి పాలసీ రాసేవాళ్ళున్నారు. దొంగతనం జరిగితే నష్టం 80,000 అని అందరికీ అర్థమవుతుంది. ఇందులో ఇంకో మెలిక ఉంది. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండిని టోటల్ లాస్ కింద రాస్తాం. 3,80,000 రిపేరు వచ్చిందనుకోండి. 5,60,000 మీద అయితే బండి బాగుపడి ఇంటికొస్తుంది. 4,80,000 మీద 75 శాతం అంటే 3,60,000 కాబట్టి అదే బండి టోటల్ లాస్, అంటే పూర్తిగా పోయినట్టు లెక్క, బండి బదులు ఐడీవీ లెక్కన డబ్బే వస్తుంది. బ్యాంకు లోను ఉంటే ఆ డబ్బు ముందు బ్యాంకుకే వెళ్తుంది.

అపోహ: ప్రీమియం కట్టాం కదా, చిన్న గీతకైనా క్లెయిము వేయాల్సిందే.

ఇది మాత్రం కాగితం పెన్ను పట్టుకుని తేల్చుకోవాలి. క్లెయిము లేని ఏళ్ళను బట్టి నో క్లెయిమ్ బోనస్ అనే ప్రీమియం తగ్గింపు 20, 25, 35, 45, 50 శాతానికి మెట్టు మెట్టుగా పెరుగుతుంది. అది ఓన్ డ్యామేజ్ మీదే. మామూలుగా ఒక్క క్లెయిముతో సున్నాకు పడి, మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. ఈ తగ్గింపుకు ముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం 12,000 అనుకోండి. 50 శాతం మీద ఉన్నవాళ్ళు క్లెయిము వేస్తే మొదటి ఏడాది 6,000, తర్వాత 3,600, 3,000, 1,800, 600 వదులుకుంటారు. కలిపితే 15,000. ఐడీవీ ఏటా తగ్గుతుంది కాబట్టి అసలు లెక్క కొంచెం తక్కువ ఉండొచ్చు. అయినా 4,000 సొట్టకు క్లెయిము వేయమని నేనైతే చెప్పను. బోనస్ కాపాడే యాడ్ ఆన్ ఉంటే వేరే విషయం.

పాలసీ గడువు దాటి 90 రోజుల్లోపు రెన్యువల్ చేయకపోయినా ఈ బోనస్ పోతుంది. ఇంకొకటి, బోనస్ మనిషిది, బండిది కాదు. బండి అమ్మేసినా కొత్త కారుకు తెచ్చుకోవచ్చు.

అపోహ: వరదకు బీమా రాదు.

వస్తుంది, ఓన్ డ్యామేజ్ ఉంటే. చిక్కంతా ఇంజిన్ దగ్గరే. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచాక సింగ్ నగర్ వైపు బండ్లు చూడని రోజు లేదు. ఒక మాస్టారు నీళ్ళు తగ్గగానే బ్యాటరీ వైరు తీయించి, కీ జేబులో పెట్టుకుని కూర్చున్నారు. మేం టోయింగ్ చేయించాం. సీట్లు, వైరింగ్, క్లీనింగ్ క్లెయిములోకి వెళ్ళాయి. పక్క వీధిలో కుర్రాడు ‘ఒకసారి చూద్దాం’ అని స్టార్ట్ చేశాడు. నీరు గాలిలా నొక్కితే నొక్కుకోదు కదా, సిలిండర్లో చేరిన నీటికి కనెక్టింగ్ రాడ్డు వంగిపోయింది. అది వరద చేసిన నష్టం కాదు, స్టార్ట్ చేయడం వల్ల వచ్చిన నష్టం అని కంపెనీలు వాదిస్తాయి. ఇలాంటి నష్టానికి పనికొచ్చే ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ లేదు అతనికి. నీళ్ళలో నిలబడిన బండిని స్టార్ట్ చేయకండి, ముందు ఫోన్ చేయండి.

అపోహ: సెకండ్ హ్యాండ్ కారుకు పాత ఓనరు పాలసీ ఉంది, చాలు.

థర్డ్ పార్టీ దానంతటదే కొత్త ఓనరుకు మారుతుంది. ఓన్ డ్యామేజ్ మారదు. 14 రోజుల్లో కంపెనీకి రాసి పేరు మార్పించుకోవాలి. ఆర్సీ మాత్రం మార్పించి, పాలసీ సంగతి మరిచిపోయి వచ్చేవాళ్ళను ప్రతి నెలా చూస్తాను. గుద్దింది కారు, తిరిగేది ఆఫీసుల చుట్టూ.

ఎర్ర కారుకు ప్రీమియం ఎక్కువా అని అడుగుతుంటారు. రంగుతో పని లేదు. రిజిస్ట్రేషన్ ఊరితో పని ఉంది. పాత టారిఫ్ లెక్కలో హైదరాబాద్ రేటు కొంచెం ఎక్కువుండే జోన్ ఏ, విజయవాడ తక్కువుండే జోన్ బీ. బయట సీఎన్‌జీ కిట్ బిగిస్తే ఆర్సీలోనూ పాలసీలోనూ రాయించాలి. తాగి నడిపినా, లైసెన్సు లేకుండా నడిపినా, సొంత కారును ట్యాక్సీగా తిప్పినా ఓన్ డ్యామేజ్ క్లెయిము మీద ఆశ పెట్టుకోకండి. లైసెన్సు లేని కేసులో దెబ్బ తగిలినవాళ్ళకు కోర్టు ముందు కంపెనీ చేత ఇప్పించి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమంటుంది. అలాంటి నోటీసు పట్టుకుని నా దగ్గరికి వచ్చినవాళ్ళున్నారు. అప్పుడు నేను చేయగలిగింది ఏమీ ఉండదు, లాయరు నంబరు ఇవ్వడం తప్ప.